టెంప్లేట్ క్లాసులో బేస్ క్లాస్ పేర్లు కంపైలర్‌కి కనిపించేలా చేయడం ఎలా?

సీ ప్లస్ ప్లస్‌లో మామూలు క్లాసు నుంచి ఇంకో క్లాసు రాసుకున్నప్పుడు బేస్‌లో ఉన్న ఫంక్షన్‌ని పేరు పెట్టి పిలిస్తే చాలు, పనైపోతుంది. అవే రెండు క్లాసుల్నీ టెంప్లేట్లుగా, అంటే టైప్‌ని వాడేటప్పుడు నింపుకునే అచ్చులుగా, మార్చి చూడండి. ‘ఈ పేరు ఎక్కడా ప్రకటించలేదు’ అని కంపైలర్ మొరాయిస్తుంది. ఫంక్షన్ కళ్లెదుటే ఉంటుంది, పది లైన్ల పైనే ఉంటుంది, అయినా కనిపించడం లేదంటుంది. చాలామంది పేరు ముందు ‘దిస్->’ తగిలించి, ఎర్రర్ పోయింది కదా అని ముందుకు సాగిపోతారు. మందు సరైనదే. కానీ అది ఎందుకు పనిచేసిందో తెలియాలి. ఎందుకంటే ఇదే సమస్య కొన్నిసార్లు ఎర్రర్ ఇవ్వకుండా కూడా వస్తుంది. అప్పుడు ప్రోగ్రాం చక్కగా కంపైల్ అవుతుంది, వేరే ఎవరిదో ఫంక్షన్ నడుస్తుంది. ఎర్రర్ వచ్చిందంటే మీ అదృష్టం బాగుందనే అర్థం.

కింద కోడ్‌లో కీవర్డులను పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే రాశాను. మీ ఫైల్లో వాటిని మామూలుగా ఎలా టైప్ చేస్తారో అలాగే చేయండి.

టెంప్లేట్ <టైప్‌నేమ్ టి>
స్ట్రక్ట్ నిల్వ {
    ఇంట్ లెక్క = 0;
    వాయిడ్ ఖాళీ_చెయ్యి();
};

టెంప్లేట్ <టైప్‌నేమ్ టి>
స్ట్రక్ట్ వరుస : నిల్వ<టి> {
    వాయిడ్ మొదలు_పెట్టు() {
        ఖాళీ_చెయ్యి(); // ఎర్రర్
        లెక్క = 1;         // ఎర్రర్
    }
};

ముందు కంపైలర్ ఏం చేస్తోందో చూద్దాం

టెంప్లేట్‌ని కంపైలర్ రెండు దశల్లో చదువుతుంది. మొదటిది, టెంప్లేట్ నిర్వచనం కంటపడిన వెంటనే. అప్పటికి ‘టి’ అంటే ఏమిటో దానికి తెలియదు. అయినా ‘టి’తో సంబంధం లేని పేర్లన్నిటినీ అప్పటికప్పుడే వెతికి, దేనికి దేన్ని కలపాలో ఖాయం చేసేస్తుంది. రెండోది, మీరు ఎక్కడో ‘వరుస<ఇంట్>’ అని వాడినప్పుడు. ‘టి’ మీద ఆధారపడ్డ పేర్ల సంగతి అప్పుడు తేలుస్తుంది.

‘ఖాళీ_చెయ్యి()’ అనే పిలుపులో ‘టి’ ఎక్కడా లేదు. బ్రాకెట్ల లోపల ఆర్గ్యుమెంట్ కూడా లేదు. కాబట్టి ఇది మొదటి దశలోనే తేలాల్సిన పేరు. కంపైలర్ చుట్టూ వెతుకుతుంది: ఫంక్షన్ లోపల, ‘వరుస’ క్లాసు లోపల, బయట నేమ్‌స్పేస్‌లో. బేస్ క్లాసులోకి మాత్రం తొంగి చూడదు.

ఎందుకు చూడదు? బేస్ ‘నిల్వ<టి>’ కాబట్టి. ఏ ‘టి’కి? ఇంకా తెలియదు. పైన రాసిన సాధారణ ‘నిల్వ’ టెంప్లేట్‌ని చూసి నమ్మేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ రేపు ఇంకో హెడర్‌లో ఎవరైనా ఇలా రాయొచ్చు:

టెంప్లేట్ <>
స్ట్రక్ట్ నిల్వ<బూల్> {
    స్ట్రక్ట్ ఖాళీ_చెయ్యి {};
};

ఇక్కడ ‘లెక్క’ అసలు లేనే లేదు. ‘ఖాళీ_చెయ్యి’ ఉంది గానీ అది ఫంక్షన్ కాదు, ఒక టైప్. అంటే ‘ఖాళీ_చెయ్యి();’ అనే ఒకే లైను ఒక ‘టి’కి ఫంక్షన్‌ని పిలవడం, ఇంకో ‘టి’కి తాత్కాలిక ఆబ్జెక్ట్‌ని తయారు చేయడం అవుతుంది. ఇలా ఒక టైప్‌కి విడిగా రాసిన రూపాన్ని స్పెషలైజేషన్ అంటారు, దానికి సాధారణ టెంప్లేట్‌తో పోలిక ఉండి తీరాలన్న నియమం లేదు. అందుకే సీ ప్లస్ ప్లస్ ఐఎస్ఓ ప్రమాణంలో నియమం ఇదే: ముందు ఏమీ తగిలించకుండా ఒట్టి పేరు రాస్తే, టెంప్లేట్ పారామీటర్ మీద ఆధారపడ్డ బేస్‌లో దాన్ని వెతకకూడదు. మొదటి దశలోనే కాదు, రెండో దశలో కూడా వెతకకూడదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరపడుతుంది.

1. మీ బేస్ డిపెండెంట్ అవునో కాదో తేల్చుకోండి

మీరు రాసేది టెంప్లేట్ అయినంత మాత్రాన ప్రతి బేస్‌తోనూ ఈ చిక్కు రాదు. బేస్ పేరులో మీ టెంప్లేట్ పారామీటర్ ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఉంటే ఆ బేస్ డిపెండెంట్, అంటే పారామీటర్ మీద ఆధారపడ్డది. ‘నిల్వ<టి>’ డిపెండెంట్. నేరుగా ‘టి’నే బేస్‌గా పెట్టుకుంటే అదీ డిపెండెంటే. ‘నిల్వ<ఇంట్>’ మాత్రం కాదు, ఎందుకంటే అది ఏ క్లాసో మొదటి దశలోనే ఖాయంగా తెలుసు. ‘లాగర్’ లాంటి మామూలు క్లాసూ కాదు. ఇలాంటి బేసుల్లోని పేర్లు ఒట్టిగా రాసినా దొరుకుతాయి.

మధ్యలో ఇంకో క్లాసు ఉన్నప్పుడు జాగ్రత్తగా చూడాలి. ‘వరుస<టి>’కి బేస్ ‘మధ్య<టి>’, దానికి బేస్ మామూలు ‘లాగర్’ అనుకోండి. ‘మధ్య’ లోపల లాగర్ ఫంక్షన్లు నేరుగా కనిపిస్తాయి. ‘వరుస’ లోపల కనిపించవు. లాగర్ మామూలు క్లాసే అయినా, దాని దాకా వెళ్లే దారి ‘మధ్య<టి>’ గుండా పోతోంది కదా, ఆ తలుపు మూసే ఉంటుంది. బాగా నడుస్తున్న కోడ్‌లో మధ్య క్లాసుని టెంప్లేట్‌గా మార్చగానే దానికింద ఉన్న టెంప్లేట్లన్నిట్లో ఎర్రర్లు వరదలా రావడానికి కారణం ఇదే.

2. ఎర్రర్‌ని పట్టి చదవండి

ఒకే సమస్యకి మూడు నాలుగు రకాల మాటలు వస్తాయి. ‘లెక్క = 1’ లాంటి వేరియబుల్‌కైతే ‘ఈ పరిధిలో ప్రకటించలేదు’ అని సూటిగా చెబుతుంది. ఆర్గ్యుమెంట్లు లేని ఫంక్షన్ పిలుపుకి జీసీసీ అనే కంపైలర్ ఇంకాస్త వివరంగా చెబుతుంది: ఆర్గ్యుమెంట్లలో టెంప్లేట్ పారామీటర్ మీద ఆధారపడ్డది ఏదీ లేదు, కాబట్టి ‘ఖాళీ_చెయ్యి’ ప్రకటన ముందే అందుబాటులో ఉండాలి, అని. మొదటిసారి చదివినప్పుడు ఈ వాక్యం అయోమయంగా ఉంటుంది. పైన చెప్పిన రెండు దశలు తెలిశాక చదివితే అక్షరాలా అదే సంగతి చెబుతోందని అర్థమవుతుంది.

ఆ ఎర్రర్ కిందే ‘-ఎఫ్‌పర్మిసివ్’ అనే ఆప్షన్ పెడితే ఒప్పుకుంటానని కూడా జీసీసీ అంటుంది. పెట్టకండి. ఆ ఆప్షన్ ఈ ఒక్క తప్పునే కాదు, ఇంకా చాలా తప్పుల్ని ఎర్రర్ల నుంచి వార్నింగులుగా దించేస్తుంది.

ఇంకో రకం ఆలస్యంగా వస్తుంది. ఇలా రాశారనుకోండి:

వాయిడ్ చేర్చు(టి విలువ) {
    లోపల_పెట్టు(విలువ);    // బేస్‌లోని ఫంక్షన్
}

ఇక్కడ ఆర్గ్యుమెంట్ ‘టి’ రకానిది. కాబట్టి పిలుపు డిపెండెంట్ అయింది, మొదటి దశలో కంపైలర్ నోరెత్తదు. రెండో దశలో మాత్రం ఆర్గ్యుమెంట్ టైప్‌కి సంబంధించిన నేమ్‌స్పేసుల్లో వెతుకుతుంది. బేస్‌లో అప్పుడూ వెతకదు. కాబట్టి మీరు ‘చేర్చు’ని ఎక్కడో పిలిచేదాకా ఈ తప్పు నిద్రపోతూనే ఉంటుంది. లైబ్రరీ రాసేవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి: మీ దగ్గర శుభ్రంగా కంపైల్ అయిన హెడర్, వాడుకునే వాళ్ల దగ్గర పగులుతుంది. మేలు ఏమిటంటే ఈ సందర్భంలో కంపైలర్లు దాదాపు విరుగుడు చెప్పేస్తాయి. డిపెండెంట్ బేస్‌లోని ప్రకటనలు ఒట్టి పేరుతో దొరకవు, ‘దిస్->లోపల_పెట్టు’ అని రాయండి అని జీసీసీ సూచిస్తుంది. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ కూడా, బేస్ మెంబర్‌ని వాడాలంటే అది ఎక్కడిదో స్పష్టంగా రాయాలని అంటుంది.

3. మూడు దారుల్లో ఒకటి ఎంచుకోండి

మొదటి దారి, ‘దిస్->ఖాళీ_చెయ్యి()’. ‘దిస్’ టైపు ‘వరుస<టి>’కి పాయింటర్. అందులో ‘టి’ ఉంది కాబట్టి మొత్తం పిలుపు డిపెండెంట్ అయిపోతుంది, వెతుకులాట రెండో దశకి వాయిదా పడుతుంది. అప్పుడు అసలు బేస్ ఏమిటో తెలుసు, ఇది ఒట్టి పేరు కూడా కాదు కాబట్టి కంపైలర్ బేస్‌లోకి వెళ్లి చూస్తుంది. ఆ ఫంక్షన్ వర్చువల్ అయితే, అంటే డిరైవ్డ్ క్లాసు తన సొంత రూపంతో మార్చుకోగలిగేదైతే, వర్చువల్‌గానే నడుస్తుంది. ఒకటి రెండు చోట్ల వాడే పేర్లకి ఇదే మంచిది.

రెండోది, క్లాసు లోపల ఒక ‘యూజింగ్’ లైను:

యూజింగ్ నిల్వ<టి>::ఖాళీ_చెయ్యి;
యూజింగ్ నిల్వ<టి>::లెక్క;

ఆ తర్వాత ఒట్టి పేరు ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. వర్చువల్ పద్ధతీ చెడదు. ఒక పేరు పది చోట్ల వస్తుంటే నేను ఇదే రాస్తాను. చదివేవాళ్లకి క్లాసు మొదట్లోనే ‘ఈ పేర్లు బేస్ నుంచి వచ్చాయి’ అని తెలిసిపోతుంది.

కానీ ఇందులో మూడు మెలికలున్నాయి. యూజింగ్ ఆ పేరుతో ఉన్న ఓవర్‌లోడ్‌లన్నిటినీ తెస్తుంది, ఒక్కదాన్నే తెమ్మంటే కుదరదు. వాటిలో ఒక్కటి ప్రైవేట్‌గా ఉన్నా ఆ లైనే ఎర్రర్. రెండోది, యూజింగ్ ఏ సెక్షన్‌లో రాశారో ఆ పేరుకి అదే అనుమతి వర్తిస్తుంది. బేస్‌లో ప్రొటెక్టెడ్‌గా ఉన్న ఫంక్షన్‌ని పబ్లిక్ సెక్షన్‌లో యూజింగ్ చేస్తే దాన్ని లోకమంతటికీ తెరిచిపెట్టినట్టే. అందుకే ఈ లైన్లను ప్రైవేట్ లేదా ప్రొటెక్టెడ్ సెక్షన్‌లో పెట్టడం అలవాటు చేసుకోండి. బేస్‌లో పబ్లిక్‌గా ఉన్న పేరైతే మాత్రం పబ్లిక్‌లోనే పెట్టాలి, లేకపోతే బయటివాళ్లకి అది అందకుండా పోతుంది.

మూడో మెలిక అంత తేలిగ్గా కంటపడదు. బేస్‌లో ఆ పేరు లేని స్పెషలైజేషన్ ఉందనుకోండి, మన ‘నిల్వ<బూల్>’లో ‘లెక్క’ లేనట్టు. ‘దిస్->లెక్క’ అని రాస్తే ‘వరుస<బూల్>’ క్లాసు తయారవుతుంది, ఆ లైను ఉన్న ఫంక్షన్‌ని పిలిచినప్పుడే ఎర్రర్ వస్తుంది. యూజింగ్ రాస్తే ‘వరుస<బూల్>’ క్లాసే తయారవదు. ఏది మేలన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. ఆ పేరు లేకుండా మీ క్లాసుకి అర్థమే లేదనుకుంటే యూజింగ్‌తో ముందే పగలడమే మంచిది.

మూడో దారి, ‘నిల్వ<టి>::ఖాళీ_చెయ్యి()’ అని పూర్తి పేరుతో పిలవడం. కంపైల్ అవుతుంది. కానీ ఫంక్షన్ వర్చువల్ అయితే ఈ పిలుపు ఓవర్‌రైడ్‌ల జోలికి వెళ్లదు, కచ్చితంగా బేస్‌లోని రూపమే నడుస్తుంది. టెంప్లేట్ గొడవ తీర్చడానికని ఇలా రాసి, తెలియకుండానే వర్చువల్‌ని ఆపేసిన కోడ్ చాలా చోట్ల కనిపిస్తుంది. మీకు బేస్ రూపమే కావాలన్నప్పుడు, ఉదాహరణకి ఓవర్‌రైడ్ లోపల నుంచి పాత రూపాన్ని పిలవాలన్నప్పుడు, ఇదే సరైన దారి. డేటా మెంబర్లకి, స్టాటిక్ మెంబర్లకి వర్చువల్ గొడవ లేదు కాబట్టి నిరభ్యంతరంగా వాడండి.

ఎలాగూ బేస్ పేరు పదేపదే రాయాల్సి వస్తుంది కాబట్టి, క్లాసు మొదట్లో ‘యూజింగ్ బేస్ = నిల్వ<టి>;’ అని ఒక మారుపేరు పెట్టుకోండి. బేస్‌కి రేపు ఇంకో పారామీటర్ చేర్చినా ఒక్క చోట మారిస్తే సరిపోతుంది.

4. పేరు టైప్ అయితే

బేస్‌లో ‘టైప్‌డెఫ్’తోనో యూజింగ్‌తోనో పెట్టిన టైప్ పేర్లకి ‘దిస్->’ పనికిరాదు. ‘టైప్‌నేమ్ నిల్వ<టి>::అంశం’ అని రాయాలి. ‘టైప్‌నేమ్’ లేకపోతే కంపైలర్ దాన్ని టైప్ కాదనుకుంటుంది, ఎందుకంటే అది ఏమిటో మొదటి దశలో చూడలేదు. ప్రతిసారీ అంత పొడుగు రాయడం విసుగు కాబట్టి ఒక్కసారి ఇలా పెట్టుకోండి:

యూజింగ్ అంశం = టైప్‌నేమ్ నిల్వ<టి>::అంశం;

సీ ప్లస్ ప్లస్ 20 వచ్చాక, టైప్ తప్ప ఇంకేదీ ఉండే వీల్లేని చోట్ల ‘టైప్‌నేమ్’ మానేయొచ్చు. పైన రాసిన మారుపేరు లైను అలాంటిదే. ఫంక్షన్ లోపల లోకల్ వేరియబుల్ ప్రకటించేటప్పుడు మాత్రం ఇంకా రాయాల్సిందే. ఈ సడలింపు ‘టైప్‌నేమ్’ అనే మాటకే గానీ వెతికే పద్ధతికి కాదు. ‘నిల్వ<టి>::’ తీసేసి ఒట్టిగా ‘అంశం’ అంటే 20లో కూడా దొరకదు.

బేస్‌లో ఉన్నది మెంబర్ టెంప్లేట్ అయితే ‘దిస్->తీసుకో<ఇంట్>()’ చాలదు. ఆ ‘<’ గుర్తుని కంపైలర్ ‘కంటే తక్కువ’ అని చదువుకుంటుంది. ‘దిస్->టెంప్లేట్ తీసుకో<ఇంట్>()’ అనాలి. చూడటానికి వింతగా ఉన్నా, అది టెంప్లేట్ అని ముందే చెప్పడానికి ఉన్న దారి ఇదే.

5. ‘దిస్’ చెల్లని మూలలు

స్టాటిక్ ఫంక్షన్లో ‘దిస్’ ఉండదు. ఫంక్షన్ డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లలోనూ వాడకూడదు. అక్కడ బేస్‌లోని ‘మొత్తం’ అనే స్టాటిక్ మెంబర్ కావాలంటే ‘బేస్::మొత్తం’ అనో, మీ క్లాసు పేరుతోనే ‘వరుస::మొత్తం’ అనో రాయండి.

కన్‌స్ట్రక్టర్‌లో ఇంకో తిరకాసు ఉంది. మామూలు క్లాసు ‘నిల్వ<ఇంట్>’ నుంచి వచ్చినప్పుడు ఇనిషియలైజర్‌లో ‘: నిల్వ()’ అని పొట్టిగా రాసేయొచ్చు. ప్రతి క్లాసులోనూ దాని పేరు అదే మెంబర్‌లా చేరి ఉంటుంది, అది వారసత్వంగా వస్తుంది. డిపెండెంట్ బేస్ విషయంలో ఆ చేరిన పేరు కూడా కనిపించదు. కాబట్టి ‘: నిల్వ<టి>()’ అని పూర్తిగా రాయాలి, లేదా మారుపేరుతో ‘: బేస్()’ అనాలి. బేస్ కన్‌స్ట్రక్టర్లన్నీ తెచ్చుకోవాలంటే ‘యూజింగ్ బేస్::బేస్;’ సరిపోతుంది.

లాంబ్డా లోపల కూడా ‘దిస్->’ అవసరమే. ‘[దిస్]’ అని స్పష్టంగా పట్టుకోండి. ‘[=]’ పెడితే ‘దిస్’ చాటుగా వచ్చే పద్ధతిని సీ ప్లస్ ప్లస్ 20 వద్దంది.

బేసులు ఎన్నో తెలియని పారామీటర్ ప్యాక్ అయితే, ‘యూజింగ్ మూలాలు::ఆపరేటర్()...;’ అన్న ఒక్క లైనుతో అన్ని బేసుల ఫంక్షన్లూ తెచ్చుకోవచ్చు. ఇది సీ ప్లస్ ప్లస్ 17 నుంచి ఉంది.

6. ఎర్రర్ రాని తప్పుని వేటాడండి

ఇంతవరకూ చెప్పినవన్నీ కంపైలర్ అరిచి చెప్పేవే. ఇప్పుడు ఈ కోడ్ చూడండి:

టెంప్లేట్ <టైప్‌నేమ్ టి>
స్ట్రక్ట్ గొట్టం_మూలం {
    వాయిడ్ క్లోజ్(ఇంట్ గడి); // మన పట్టికలో ఆ గడి ఖాళీ చేస్తుంది
};

టెంప్లేట్ <టైప్‌నేమ్ టి>
స్ట్రక్ట్ గొట్టం : గొట్టం_మూలం<టి> {
    వాయిడ్ ఆపు(ఇంట్ గడి) {
        క్లోజ్(గడి);
    }
};

లినక్స్‌లో ఈ ఫైల్ పైన ఎక్కడో, నేరుగానో వేరే హెడర్ ద్వారానో, ‘యూనిస్టిడి’ హెడర్ వచ్చి ఉందనుకోండి. అందులో ఆపరేటింగ్ సిస్టమ్‌ది ఒక ‘క్లోజ్’ ఫంక్షన్ ఉంది, అదీ ఒక ఇంట్ తీసుకుంటుంది. మొదటి దశలో కంపైలర్ ‘క్లోజ్’ కోసం వెతుకుతుంది, బేస్‌ని వదిలేస్తుంది, బయట ఇది దొరుకుతుంది, అంతే, కలిపేస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. మీరు ఒకటో నంబర్ గడి ఖాళీ చేయమంటే ప్రోగ్రాం ఒకటో నంబర్ ఫైల్ డిస్క్రిప్టర్‌ని, అంటే తెరిచి ఉన్న ఫైల్‌కి సిస్టమ్ ఇచ్చిన నంబర్‌ని, మూసేస్తుంది. అది స్టాండర్డ్ అవుట్‌పుట్! అప్పట్నుంచి తెరమీద ఒక్క అక్షరం రాదు. మూడో గడి అయితే ఇంకా ఘోరం, ఆ నంబర్‌తో తెరిచి ఉన్న ఏదో ఒక ఫైల్ లేదా కనెక్షన్ మూసుకుపోతుంది. ఆ బగ్‌కీ మీ ‘గొట్టం’ క్లాసుకీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. తప్పు ఇక్కడుంటే నష్టం ఇంకెక్కడో బయటపడుతుంది.

‘రీడ్’, ‘రైట్’ లాంటి పేర్లకీ ఇదే ప్రమాదం. ఫైల్ పైన ‘యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్టీడీ’ ఉంటే ‘సైజ్’, ‘డేటా’ కూడా ఈ జాబితాలో చేరతాయి, ఎందుకంటే సీ ప్లస్ ప్లస్ 17 నుంచి ఆ పేర్లతో బయట ఫంక్షన్లు ఉన్నాయి. టైప్ పేర్లూ ఇంతే. బయట ‘అంశం’ అంటే డబుల్, బేస్‌లో ‘అంశం’ అంటే ఇంట్ అయితే, టెంప్లేట్ లోపల ఒట్టిగా ‘అంశం’ అని రాసింది డబుల్ అవుతుంది.

హెడర్ల వరస దీన్ని ఇంకా ముదరబెడుతుంది. మొదటి దశలో లెక్కలోకి వచ్చేది టెంప్లేట్‌కి పైన ఉన్న ప్రకటనలే. బేస్ ఫంక్షన్లా కనిపించే ఫంక్షన్లు బయట రెండున్నాయనుకోండి, ఒకటి ఇంట్ తీసుకునేది, ఒకటి లాంగ్ తీసుకునేది. ఒక సోర్స్ ఫైల్లో మీ హెడర్‌కి ముందు రెండూ వచ్చాయి, ఇంకో ఫైల్లో ఒకటే వచ్చింది. ఒకే టెంప్లేట్ రెండు ఫైళ్లలో రెండు అర్థాలతో తయారవుతుంది. ఇది భాష నియమాలకి విరుద్ధం, కానీ కంపైలర్ చెప్పి తీరాలన్న నిబంధన లేదు. లింకర్ వాటిలో ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని పారేస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. బేస్‌లోని ఆ ఫంక్షన్ పేరుని తాత్కాలికంగా మార్చండి, ‘క్లోజ్’ని ‘క్లోజ్_పరీక్ష’ చేయండి. డిరైవ్డ్ క్లాసులోని పిలుపు దగ్గర చెయ్యి పెట్టకండి. ఆ పిలుపు నిజంగా బేస్‌కే వెళ్తుంటే కంపైల్ పగలాలి. పగలలేదంటే అది వేరే వాళ్ల ఫంక్షన్‌ని పిలుస్తోంది. ‘ఆపు’ని ఎక్కడో ఒకచోట నిజంగా పిలిచాకే ఈ పరీక్ష చేయండి, లేకపోతే రెండో దశ జరగదు, ‘దిస్->’ పెట్టిన సరైన కోడ్ కూడా పగలకుండా ఉండిపోతుంది.

క్లాంగ్ వాడేవాళ్లు సింటాక్స్ ట్రీని డంప్ చేసి కూడా చూడొచ్చు. తయారైన ‘గొట్టం<ఇంట్>’ కింద ఆ పిలుపు దగ్గర ‘మెంబర్ ఎక్స్‌పర్’ అని ఉంటే మెంబర్‌నే పిలుస్తోంది. ‘డిక్ల్ రెఫ్ ఎక్స్‌పర్’ అని ఉండి పక్కన బయటి ఫంక్షన్ పేరు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

నా మట్టుకు నియమం ఇది: డిపెండెంట్ బేస్ ఉన్న క్లాసులో బేస్ పేరు ఏదీ ఒట్టిగా ఉండకూడదు. ‘దిస్->’ అయినా ఉండాలి, పైన యూజింగ్ అయినా ఉండాలి. ఎర్రర్ వచ్చిన లైన్లకే సరిదిద్దుకుంటూ పోతే, మిగిలిపోయేవి కచ్చితంగా ఇలాంటి ప్రమాదకరమైన లైన్లే. కోడ్ రివ్యూలో నేను దీన్ని పట్టుబట్టి అడుగుతాను.

7. కంపైలర్ ఏ పద్ధతిలో నడుస్తోందో చూసుకోండి

జీసీసీ ఈ నియమాన్ని గట్టిగా పాటించడం మొదలుపెట్టింది 2004లో వచ్చిన 3.4 వెర్షన్‌తో. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ చాలా ఏళ్లు రెండు దశల పద్ధతి పాటించలేదు, టెంప్లేట్‌ని వాడినప్పుడే చదివేది కాబట్టి ఒట్టి పేర్లు కూడా బేస్‌లో దొరికేవి. విజువల్ స్టూడియో 2017లో 15.3 నుంచి ‘/పర్మిసివ్-’ స్విచ్ పెడితే రెండు దశలూ జరుగుతాయి. సీ ప్లస్ ప్లస్ 20 ఎంచుకుంటే ఇప్పుడు అది దానంతట అదే వస్తుంది.

ఏళ్ల తరబడి విండోస్‌లో మాత్రమే కంపైల్ అయిన కోడ్‌ని లినక్స్‌కి తెచ్చేటప్పుడు టెన్షన్ పడాల్సింది ఎర్రర్ల గురించి కాదు, ఎర్రర్ లేకుండా అర్థం మారిన లైన్ల గురించి. అక్కడ బేస్ ‘క్లోజ్’ నడిచేది, ఇక్కడ సిస్టమ్ ‘క్లోజ్’ నడుస్తుంది. కాబట్టి తరలించే ముందే, విండోస్‌లో ఉండగానే, ‘/పర్మిసివ్-’ పెట్టి బిల్డ్ చేసి వచ్చిన ఎర్రర్లన్నీ సరిచేయండి. ఆ తర్వాత పైన చెప్పిన పేరు మార్చే పరీక్ష చేయండి. విండోస్ మీద క్లాంగ్‌ని మైక్రోసాఫ్ట్ అనుకూల పద్ధతిలో నడిపితే, డిపెండెంట్ బేస్‌లో దొరికిన ఒట్టి పేరుని అది మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్ అంటూ వార్నింగ్‌తో సరిపెడుతుంది. ఆ వార్నింగ్‌ని ఎర్రర్‌గా మార్చుకోండి.

8. నిద్రపోతున్న ఎర్రర్లని లేపండి

వాడని మెంబర్ ఫంక్షన్లని కంపైలర్ రెండో దశకి తీసుకెళ్లదు. కాబట్టి టెస్ట్ ఫైల్లో బలవంతంగా తీసుకెళ్లండి:

టెంప్లేట్ స్ట్రక్ట్ వరుస<ఇంట్>;

ఈ ఒక్క లైనుతో ‘వరుస<ఇంట్>’లోని మెంబర్ ఫంక్షన్లన్నీ, ఎవరూ పిలవనివి కూడా, తయారవుతాయి. ‘లోపల_పెట్టు(విలువ)’ లాంటి ఎర్రర్లు అక్కడే బయటపడతాయి. ఇంట్‌తో పాటు మీరు సొంతంగా రాసిన ఒక క్లాసుతోనూ, బేస్‌కి స్పెషలైజేషన్ ఉంటే ఆ టైప్‌తోనూ ఇదే లైను రాయండి. కొన్ని టైపులకి కావాలనే పనిచేయని ఫంక్షన్లు మీ క్లాసులో ఉంటే ఆ టైపులతో ఈ లైను పగులుతుంది, వాటికి మాత్రం పనిచేయాల్సిన ఫంక్షన్లనే విడిగా పిలిచి చూడండి. మెంబర్ టెంప్లేట్లు కూడా దీనితో తయారవవు. వాటిలో ఒక్కోదాన్నీ టెస్ట్‌లో కనీసం ఒకసారి అసలు టైప్ ఇచ్చి పిలవాలి.